పిల్లవాడు గేమింగ్ కంప్యూటర్ అడిగితే

నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వైపు నడిస్తే ఎక్కడ చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్లకపోతే కుర్చీ దొరకదు. గ్రూప్ వన్, బ్యాంకు, ఎస్సై పరీక్షల మాట తప్ప మరొకటి వినిపించని ఈ వీధుల్లో, ఇంటర్ పాసైన అబ్బాయి వచ్చి గేమింగ్ కంప్యూటర్ కొనివ్వమని అడిగితే ఆ తండ్రి మనసులో ఏముంటుందో మాకు తెలుసు. నెలకు నాలుగు వేల చొప్పున ఏడాది పాటు దాస్తే పోగయ్యే డబ్బు అది. కొనిస్తే ఆటల్లో పడి చెడిపోతాడేమోనని భయం. కొనివ్వకపోతే తోటి పిల్లల ముందు చిన్నబోతాడేమోనని బాధ.

కొనివ్వాలా వద్దా అన్నది ఎవరింట్లో వారు తేల్చుకోవలసిన సంగతి. కొనాలని నిశ్చయించుకున్నాక ఆ డబ్బు నీళ్లపాలు కాకుండా ఏ భాగాన్ని ఎలా చూసి ఎంచుకోవాలన్నది మాత్రమే మేము ఇక్కడ చెప్పబోతున్నాం. చదువు కోసమే అడుగుతున్నానని అబ్బాయి అంటే పూర్తిగా నమ్మనక్కర్లేదు, పూర్తిగా కొట్టిపారేయనూ అక్కర్లేదు. ఆటలు బాగా నడిపించే కంప్యూటరే ఇంజనీరింగ్ విద్యార్థికి ఆటోక్యాడ్‌నూ నడిపిస్తుంది, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి నాలుగు రూపాయలు సంపాదించాలనుకునేవాడికీ పనికొస్తుంది. అమ్మాయిలు కూడా ఇప్పుడు అడుగుతున్నారు. వారి విషయంలోనూ లెక్క ఇదే.

దుకాణానికి వెళ్లేముందు ఏ ఆటలు ఆడతావని పిల్లవాణ్ణి అడగండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, మైన్‌క్రాఫ్ట్, 2015లో కంప్యూటర్లకు వచ్చిన జీటీఏ 5 లాంటివి ఒక కోవ. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సైబర్‌పంక్ 2077 లాంటివి ఇంకో కోవ. మొదటి కోవ ఆటలు చాలా తేలిక. వాలరెంట్ తయారుచేసిన రయట్ కంపెనీ ఆ ఆటకు కనీస అవసరంగా చెప్పింది 2012 నాటి ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్‌ని. రెండో కోవ ఆటలకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా కుదరదు. స్నేహితులతో కలిసి ఆడేది వాలరెంట్ ఒక్కటే అయినప్పుడు సైబర్‌పంక్‌కు సరిపోయే యంత్రం కొనడం, ఇద్దరున్న ఇంటికి పెళ్లి డేగిసా కొనడం లాంటిది.

ఆట ఎంత నున్నగా నడుస్తుందో చెప్పడానికి ఫ్రేములు అనే లెక్క ఉంది. సెకనుకు ఎన్ని బొమ్మలు తెర మీద మారుతున్నాయన్నదే ఆ లెక్క. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సుదర్శన్‌లోనో దేవిలోనో మనం చూసే సినిమాకు సెకనుకు 24 బొమ్మలే. అయినా మనకు ఏ ఇబ్బందీ అనిపించదు, ఎందుకంటే సినిమాను చూస్తూ కూర్చుంటాం. ఆటలో అలా కాదు. మౌస్ కదిపిన మరుక్షణం తెర మీద బొమ్మ కదలాలి. 24 ఫ్రేముల్లో చేతికీ కంటికీ మధ్య ఆలస్యం తెలిసిపోతుంది. అందుకే సెకనుకు 60 ఫ్రేములు అనే కొలతను అందరూ పట్టుకున్నారు. 1920 ఇంటూ 1080 చుక్కల మామూలు తెర మీద, మధ్యస్థమైన సెట్టింగుల్లో 60 ఫ్రేములు వస్తే మొదటి కంప్యూటర్‌కు అది చాలు. అంతకు మించి 144, 240 అని చెప్పే మాటలు పోటీలకు వెళ్లేవారి కోసం.

ఇక లోపలి భాగాల సంగతి. ఒక వలీమా విందును తలుచుకోండి. ఏ వంట ఎప్పుడు దించాలో, ఎవరికి ముందు వడ్డించాలో నిర్ణయించే పెద్ద వంటమనిషి ఒకడుంటాడు. అతనే ప్రాసెసర్. అతని కింద ఒకేసారి వందల విస్తళ్లలో ఒకే పని చేసే కుర్రాళ్లుంటారు. వాళ్లే గ్రాఫిక్స్. ఒక్కొక్కరి తెలివి తక్కువైనా చేతులు ఎక్కువ. తెర మీద ఇరవై లక్షల చుక్కలకు సెకనుకు అరవై సార్లు రంగు వేయాలంటే కావలసింది ఆ చేతులే. వడ్డనకు సిద్ధంగా పెట్టుకున్న గిన్నెలు ర్యామ్, వెనకాల సామాను గది ఎస్‌ఎస్‌డీ. ఇక పొయ్యికి గ్యాసు అందించే గొట్టం లాంటిది ఎస్‌ఎంపీఎస్. విందుకు వచ్చినవారు గొట్టం వైపు చూడరు. అది లీకైన రోజున మాత్రం విందు ఉండదు.

ఈ పోలికను గుర్తుపెట్టుకుంటే మార్కెట్లో జరిగే ఒక పెద్ద మాయ అర్థమవుతుంది. "భాయ్, ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, లైట్ల క్యాబినెట్, మొత్తం ఇరవై రెండు వేలు" అని ఎవరైనా చెబితే వినడానికి బంగారంలా ఉంటుంది. అద్దం వెనక ఎర్రగా నీలంగా ఫ్యాన్లు తిరుగుతుంటాయి. పిల్లవాడి కళ్లు అక్కడే ఆగిపోతాయి. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాకపోవచ్చు. అయినా మొత్తం కలిపితే మోసమే.

ఐ7 అన్నాడు గానీ ఎన్నో తరం ఐ7 అన్నది చెప్పలేదు. ఇంటెల్ కోర్ ఐ3, ఐ5, ఐ7 అనే పేర్లు పదిహేనేళ్లకు పైగా నడిచాయి. మూడో తరం ఐ7 అంటే 2012 నాటిది. నాలుగు కోర్ల 12వ తరం ఐ3-12100 కూడా దాన్ని సులభంగా దాటిపోతుంది. ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటర్ల ప్రాసెసర్లను తీసి, కొత్తగా అచ్చయిన చౌక బోర్డుల మీద పెట్టి ఇలా అమ్ముతుంటారు. తరం తెలుసుకోవడం కష్టమేం కాదు. గీత తరవాత నాలుగంకెలుంటే మొదటి అంకె తరం, అయిదంకెలుంటే మొదటి రెండు అంకెలు తరం. ఐ7-3770 అంటే మూడో తరం. ఐ5-12400 అంటే పన్నెండో తరం. ఇందులో ఇంకో చిక్కుంది. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువాటిని విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పైగా విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు రక్షణ ఏర్పాట్లు ఉండాలి. ఆ పాత బోర్డుల్లో టీపీఎం 2.0 ఉండదు. అంటే ఏ ఆట కోసం కొన్నారో ఆ ఆటే తలుపు దగ్గర ఆపేస్తుంది.

4 జీబీ గ్రాఫిక్స్ సంగతీ ఇంతే. అది గిన్నెల లెక్క, చేతుల లెక్క కాదు. జీటీ 730 అనే కార్డు 2014లో వచ్చింది, 4 జీబీతోనూ దొరుకుతుంది. తెరకు బొమ్మ ఇవ్వడం దాని పని, అంతకు మించి ఆశించకూడదు. ఇప్పటి ప్రాసెసర్లలోనే ఇమిడి వచ్చే గ్రాఫిక్స్ దానికంటే చాలా బలమైనది. కాబట్టి ఎన్ని జీబీలని అడగకండి. ఏ మోడల్, ఏ ఏడాదిది అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే దుకాణం మెట్లు దిగిపోవచ్చు.

మరి ఏం చేయాలి? చేతిలో రూ. 50,000 ఉన్నాయనుకుందాం. మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ అందులోనే రావాలి. ఈ డబ్బుతో గ్రాఫిక్స్ కార్డుతో సహా అంతా ఒకేసారి కొనాలని చూస్తే ఏదో ఒకచోట కోత తప్పదు. ఆ కోత ఎప్పుడూ కనిపించని చోటే పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోకల్‌ది అవుతుంది, మదర్‌బోర్డు అట్టడుగుది అవుతుంది. అందుకే మేము అడిగినవారందరికీ రెండు విడతల దారే చెబుతాం. మొదటి విడతలో గ్రాఫిక్స్ కార్డు వద్దు. లోపల మంచి గ్రాఫిక్స్ ఇమిడి ఉన్న ప్రాసెసర్ తీసుకుని, పునాది గట్టిగా వేసుకోవాలి. ఏడాదికో ఏడాదిన్నరకో మళ్లీ డబ్బు పోగయ్యాక కార్డు తెచ్చి బిగించుకోవాలి. ఆ రోజున పాతదేదీ తీసి పారేయాల్సిన పని ఉండకూడదు.

ఈ దారికి సరిపోయే ప్రాసెసర్ ఏఎండీ వారి రైజెన్ 5 5600జీ. 2021లో వచ్చింది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. చివర ఉన్న జీ అక్షరమే ఇక్కడ ముఖ్యం. లోపల గ్రాఫిక్స్ ఉందని దాని అర్థం. జీ లేని 5600కి ఆ గ్రాఫిక్స్ లేదు. ఇంటెల్‌లో తిరగేసి చెబుతారు. ఐ3-12100ఎఫ్, ఐ5-12400ఎఫ్ అని చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. ఎఫ్ రకం ప్రాసెసర్ కొంచెం చౌకగా వస్తుందని కొని, కార్డు తరవాత చూద్దామనుకుంటే కంప్యూటర్ ఆన్ అవుతుంది గానీ తెర మీద ఏమీ రాదు. ఒక్క అక్షరం ఖరీదు అది.

5600జీ మీద వాలరెంట్ హాయిగా నడుస్తుంది. జీటీఏ 5 సెట్టింగులు తగ్గించుకుంటే ఆడుకోవచ్చు. కొత్త పెద్ద ఆటలు నడవవు, ఆ మాట పిల్లవాడికి ముందే చెప్పాలి. దీనికున్న లోపాలు కూడా చెప్పాలి. 5600తో పోలిస్తే దీని లోపలి క్యాష్ మెమరీ సగమే, అంటే 32 బదులు 16 ఎంబీ. కార్డును కలిపే దారి కూడా పీసీఐ 3.0 దగ్గరే ఆగిపోయింది. తరవాత మంచి కార్డు పెట్టినా కొన్ని ఫ్రేములు తగ్గుతాయి. మొదటి కంప్యూటర్‌కు ఇది భరించగల నష్టమేనని మా అభిప్రాయం. బడ్జెట్ అరవై, డెబ్బై వేల దాకా సాగగలిగితే 2024లో వచ్చిన రైజెన్ 5 8600జీ తీసుకోవచ్చు. దాని లోపలి గ్రాఫిక్స్ ఇంకా బలమైనది. అది కూర్చునే ఏఎం5 సాకెట్‌కు 2027 దాకా, ఆ తరవాత కూడా కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ ప్రకటించింది. 5600జీ కూర్చునే ఏఎం4 పాత సాకెట్. దాని ప్రయాణం దాదాపు ముగిసింది.

ర్యామ్ విషయంలో చిన్న కిటుకు పెద్ద తేడా తెస్తుంది. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్ నుంచే వాడుకుంటుంది. అందువల్ల 16 జీబీ ఒకే ముక్క కాకుండా 8 జీబీవి రెండు ముక్కలు పెట్టించండి. ర్యామ్‌కు రెండు దారులు తెరుచుకుంటాయి. అదే డబ్బు, అదే 16 జీబీ, ఆటలో మాత్రం తేడా కంటికి కనిపిస్తుంది. "తరవాత ఇంకోటి వేసుకోవచ్చు భాయ్" అని ఒకే ముక్క అంటగట్టబోతే ఒప్పుకోవద్దు. ఇంకో సంగతి, 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. ఈ వ్యాసంలో మేము ధరల పట్టిక ఇవ్వకపోవడానికి కారణం ఇదే. పుస్తకం మీ చేతికి వచ్చేసరికి పట్టిక పాతబడిపోతుంది. ర్యామ్ పాతది కొన్నా పెద్ద భయం లేదు, అది త్వరగా చెడిపోయే వస్తువు కాదు. పాత క్యాబినెట్ అయినా ఫరవాలేదు. పాత ఎస్‌ఎస్‌డీ, పాత ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొనకండి. మొదటిది వాడేకొద్దీ అరిగేది. రెండోది చెడితే తనతో పాటు మిగతావాటినీ తీసుకుపోయేది.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీ కనీసం. జీటీఏ 5 ఒక్కటే నూరు జీబీ దాటుతుంది. ఇంట్లో హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే మానిటర్‌ను కూడా రెండో విడతకు వాయిదా వేయవచ్చు. అక్షరాలు కొంచెం మసకగా కనిపిస్తాయి గానీ పని ఆగదు. సాయంత్రం సీరియల్ వేళ ఎవరి వంతు అన్న గొడవకు మాత్రం మేము బాధ్యులం కాదు.

ఎస్‌ఎంపీఎస్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో దీని గురించి ఎవరూ అడగరు. చౌక క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పక్కనే చిన్న పట్టిక ఉంటుంది, దాన్ని చదవండి. అందులో ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూసి 12తో గుణించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఆ గడిలోని కరెంటే. 18 ఆంపియర్లంటే 216 వాట్లు, అంటే పేరుకు 450, పనికి సగం. మంచి 450 వాట్ల యూనిట్లో ఆ గడిలో 36 ఆంపియర్ల దాకా ఉంటుంది. 80 ప్లస్ బ్రాంజ్ అన్న ముద్ర ఉంటే సగం లోడు మీద నూటికి కనీసం 85 పాళ్ల కరెంటు వృథా కాకుండా లోపలికి అందుతుందని అర్థం. ఆ ముద్ర పొదుపుకు సాక్ష్యం, భద్రతకు కాదు. షార్ట్ సర్క్యూట్, అధిక వోల్టేజీ నుంచి రక్షణ ఉందా, వారంటీ ఎన్నేళ్లు అని విడిగా అడగాలి. బడ్జెట్‌లో పన్నెండో వంతు దీనికి కేటాయించడానికి వెనకాడవద్దు. రేపు కార్డు వచ్చినప్పుడు బరువు మోయాల్సింది ఇదే.

మన వీధుల్లోని ఇళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. పాత ఇళ్లను గదులుగా విడగొట్టి అద్దెకిచ్చినచోట చాలా సాకెట్లకు ఎర్త్ ఉండదు. పైన మూడో రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. క్యాబినెట్ ఇనుము తాకితే వేలికి జివ్వుమంటే ఎర్త్ లేనట్టే. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి పని కానిచ్చేయడం అస్సలు మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒక్క సాకెట్‌కైనా ఎర్త్ వేయించండి, ఇంటి యజమానిని ఒప్పించి అయినా సరే. యూపీఎస్ కొనేటప్పుడు వీఏ, వాట్లు ఒకటే అనుకోకండి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. మొదటి విడత కంప్యూటర్‌కు అది ధారాళంగా సరిపోతుంది. కార్డు పెట్టాక కూడా, మధ్యతరగతి కార్డు అయితే, ఫైల్ దాచుకుని ఆపేసేంత వ్యవధి దొరుకుతుంది.

రెండో విడతలో కొనే కార్డు గురించి ఇప్పుడే కొంత తెలిసి ఉండడం మంచిది. రేడియన్ ఆర్ఎక్స్ 6600, 8 జీబీ మెమరీతో 2021లో వచ్చింది, తీసుకునే కరెంటు 132 వాట్లు. ఇప్పటికీ తక్కువ బడ్జెట్ వారికి మేము ముందుగా చెప్పే పేరు అదే. ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది, పాతదైనా మంచి స్థితిలో దొరికితే వీడియో ఎడిటింగ్‌కు ఇంకా అనువు. 170 వాట్లు తీసుకుంటుంది. పేర్లలో ఉచ్చులున్నాయి, జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 3050 అని రెండున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీది వేరు, 2024లో వచ్చిన 6 జీబీది వేరు. రెండోదానిలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, చేతులు కూడా. ఆర్ఎక్స్ 580లో 2048ఎస్‌పీ అనే రకం ఉంది, పేరుకు 580 గానీ బలం 570ది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చౌకగా కనిపిస్తుంది. దానికి నాలుగు లేన్ల దారే ఉంది. 5600జీ లాంటి పీసీఐ 3.0 ప్రాసెసర్‌తో కలిస్తే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. మనం చెప్పుకున్న పునాదికి అది సరిపడని కార్డు.

పాత కార్డులు విరివిగా దొరకడానికి ఒక కారణం ఉంది. ఈథీరియం అనే క్రిప్టో నాణెం కోసం లోకమంతటా లక్షల కార్డులు రాత్రింబగళ్లు పనిచేశాయి. 2022 సెప్టెంబర్ 15న ఆ పద్ధతి మారిపోయి, ఒక్క రోజులో వాటికి పని లేకుండా పోయింది. అవన్నీ సెకండ్‌హ్యాండ్ బజారుకు చేరాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన కార్డు పాడైనట్టు కాదు. ఫ్యాన్లు అరిగి ఉంటాయి, లోపలి పేస్టు ఎండిపోయి ఉంటుంది. కొనేముందు అమ్మేవారి ఎదుటే కంప్యూటర్‌లో పెట్టించి, జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అసలు మోడల్ చూడండి. పాత కార్డుకు కొత్త కార్డు పేరు రాయించి అమ్మేవారున్నారు, ఇది చాలావరకు పట్టేస్తుంది. తరవాత బరువైన ఆట ఏదైనా ఇరవై నిమిషాలు నడిపించి చూడండి. తెర మీద చుక్కలు, గీతలు వచ్చినా, కంప్యూటర్ ఆగిపోయినా డబ్బు జేబులోనే ఉంచుకోండి. "నా దగ్గర టెస్ట్ చేసే వీలు లేదు" అనేవారి దగ్గర కొనే వీలు మనకూ లేదు.

కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు, ఇప్పటికీ మంచి జాగా. 2020 ఫిబ్రవరిలో మన వైపు మెట్రో వచ్చాక అక్కడికి వెళ్లడం తేలికైంది. చిక్కడపల్లి స్టేషన్‌లోనో నారాయణగూడ స్టేషన్‌లోనో ఎక్కి జేబీఎస్ పరేడ్ గ్రౌండ్స్‌లో దిగాలి, లేదా అక్కడ మారి ప్యారడైజ్ దాకా వెళ్లాలి. మొదటి రోజు డబ్బు తీసుకెళ్లకండి. కాగితం మీద మోడల్ నంబర్లతో సహా భాగాల జాబితా రాసుకుని నాలుగు దుకాణాల్లో కొటేషన్ అడగండి. ఇంటికొచ్చి ఆన్‌లైన్ ధరలతో పోల్చుకోండి. రెండో రోజు వెళ్లి కొనండి. జాబితాలో ఒక భాగం "స్టాకులో లేదు, దీనికంటే మంచిది ఇస్తా" అని మారుస్తుంటే మోడల్ నంబర్ ఫోన్‌లో వెతికి చూశాకే ఒప్పుకోండి.

బిల్లు లేకుండా ఇస్తే జీఎస్టీ 18 శాతం తగ్గుతుందనే మాట తప్పక వస్తుంది. యాభై వేల మీద అది పెద్ద మొత్తమే, మనసు లాగుతుంది. కానీ ప్రాసెసర్‌కు సాధారణంగా మూడేళ్లు, ఎస్‌ఎస్‌డీకి మూడు నుంచి అయిదేళ్లు వారంటీ ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది బిల్లే. కచ్చా చిట్టీ మీద ఆ వారంటీ అడగలేం. పక్కా బిల్లులో ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి. "గేమింగ్ కంప్యూటర్ ఒక సెట్" అని ఒకే వరుసలో రాసిన బిల్లు ఏ భాగానికీ ఉపయోగపడదు. ప్రాసెసర్ పెట్టెలో వచ్చిందా, విడిగా ట్రేలో వచ్చిందా చూడండి. ట్రే సరుకుకు కంపెనీ వారంటీ ఉండదు, దుకాణం మాటే వారంటీ.

వాయిదాల మీద కొనేవారికి ఒక మాట. నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని చాలామంది నమ్ముతారు. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని, అది ఫీజుల రూపంలోనో ధరలోనో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే వడ్డీ అన్న పద్దు, దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు విడివిడిగా కనిపిస్తాయి. వడ్డీ లావాదేవీకి దూరంగా ఉండాలనుకునే మన కుటుంబాలకు రెండు విడతల కొనుగోలు ఈ విధంగా కూడా అనుకూలం. వాయిదా మనమే మనకు వేసుకుంటున్నాం.

దుకాణంలో "విండోస్ ఫ్రీగా వేసిస్తా" అంటే అది దొంగ కాపీ. దాన్ని తెరవడానికి వాడే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఏయే వైరస్‌లు వస్తాయో చెప్పలేం, అదే కంప్యూటర్‌లో రేపు బ్యాంకు పాస్‌వర్డు కొట్టేది మీరే. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ 11ను దించుకుని వేసుకోవచ్చు. లైసెన్సు కొనేదాకా వాల్‌పేపర్ మార్చుకోలేకపోవడం, మూలన హెచ్చరిక కనిపించడం లాంటి ఇబ్బందులతో నడుస్తుంది. వీలు చూసుకుని లైసెన్సు కొనుక్కోండి. ఉబుంటు లాంటి ఉచిత లైనక్స్ చదువుకు బాగుంటుంది, కానీ వాలరెంట్ దాని మీద నడవదు.

ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతారన్నది కూడా కొనేముందే ఆలోచించాలి. మెయిన్ రోడ్డు పక్క ఇళ్లలో దుమ్ము ఎక్కువ. నేల మీద కాకుండా చిన్న బల్ల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. రెండు నెలలకోసారి ముందు జాలీ తీసి దులపండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గది వేడికి ఫ్యాన్లు ఎక్కువ శబ్దం చేస్తాయి, అది జబ్బు కాదు. హాల్లో పెడితే పిల్లవాడు ఎంతసేపు ఆడుతున్నాడో ఎవరూ కాపలా కాయాల్సిన పని ఉండదు. కరెంటు లెక్క కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కార్డు పెట్టిన కంప్యూటర్, మానిటర్ కలిపి ఆటలో సుమారు 250 వాట్లు తీసుకుంటే, రోజుకు మూడు గంటలకు నెలకు 22 యూనిట్ల పైమాట. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పొందుతున్న ఇంట్లో ఇప్పటికే 185 వస్తుంటే, ఈ 22తో గీత దాటి ఆ నెల బిల్లు చేతికొస్తుంది. కార్డు లేని మొదటి విడత కంప్యూటర్ సుమారు అందులో సగమే వాడుతుంది.

కార్డు తెచ్చే రోజు వచ్చినప్పుడు క్యాబినెట్ లోపల పొడవు కొలుచుకోండి, ఎస్‌ఎంపీఎస్ నుంచి ఎనిమిది పిన్నుల తీగ ఉందో లేదో చూసుకోండి. బిగించాక మానిటర్ తీగను మదర్‌బోర్డు నుంచి తీసి కొత్త కార్డుకు పెట్టాలి. ఈ చివరి పని మరిచిపోయి, ఫ్రేములు ఏమీ పెరగలేదని కార్డు పట్టుకుని మళ్లీ సికింద్రాబాద్ వెళ్లినవారు మాకు తెలిసే ఇద్దరున్నారు.